కత్తికి ఎన్ని దెబ్బలు?



ఎప్పుడూ వీరగల్లుల గురించో, పాలెగాళ్ళ గురించో రాసే నేను ఈ ఆదివారం వీడియో గేముల గురించి రాస్తుంటే కొందరికి వింతగా ఉండొచ్చు. మొన్న సమావేశంలో ఒక పెద్దాయన "ఆటకు చరిత్రేమిటి నాయనా, ఆడి లేచిపోయేదే కదా" అన్నారు. ఆయన మాట పట్టుకునే ఇది రాస్తున్నాను. ఈ ఆటలు మొదలై నలభై ఏళ్ళు దాటింది. వాటిని తయారు చేసినవాళ్ళున్నారు, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్న తీరుంది, పెట్టి తీసేసి మళ్ళీ పెట్టిన నియమాలున్నాయి. దానికి చరిత్ర కాక ఇంకేం పేరు పెడతాం?

నేను తీసుకున్నది ఒక చిన్న నియమం. ఆటలో మీ చేతికి కత్తి ఇస్తారు. దాని పక్కన 46 అని అంకె ఉంటుంది. కొట్టిన ప్రతి దెబ్బకూ అంకె ఒకటి తగ్గుతుంది. సున్నాకు వస్తే కత్తి విరిగిపోతుంది. అంతే సంగతి. కానీ ఈ ఒక్క అంకె కోసం ముప్పై ఏళ్ళుగా ఆట తయారుచేసేవాళ్ళూ, ఆడేవాళ్ళూ వాదించుకుంటూనే ఉన్నారు.

ముందు అసలు కత్తుల సంగతి ఒక మాట. మన హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల వీరగల్లులు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. వాటిలో వీరుడు ఎత్తిపట్టిన కత్తిని శిల్పి కొలిమిలోంచి అప్పుడే తీసినట్టు నిండుగా చెక్కుతాడు. వీరుడి ఒంట్లో బాణాలు గుచ్చుకుని ఉంటాయి గానీ కత్తికి ఒక్క నొక్కు ఉండదు. యుద్ధం అలా జరగదు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో పొలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు గాల్ జాతివాళ్ళ కత్తుల గురించి రాశాడు. మొదటి దెబ్బకే అవి వంగిపోయేవట. నేలకు ఆనించి కాలితో తొక్కి సరిచేసుకునే వ్యవధి దొరికితే సరి, లేకపోతే రెండో దెబ్బ వేయడానికి లేదు. అది తెలుసుకున్న రోమన్లు వాళ్ళకు ఆ వ్యవధి ఇవ్వకుండా మీదపడ్డారని ఆయన చెబుతాడు. ఐస్లాండు పాత కథల్లో కూడా, పోరు మధ్యలో వంగిన కత్తిని పాదం కింద పెట్టి నిటారు చేసుకునే వీరుడు ఒకడున్నాడు. అంటే ఆయుధానికి ఆయుష్షు ఉండడం కొత్త ఊహ కాదు. దాన్ని అంకెగా మార్చి తెర మీద పెట్టడమే కొత్త.

ఆ పని మొదట చేసినవాటిలో నాకు బాగా నచ్చేది రోగ్ అనే ఆట. 1980 ప్రాంతంలో అమెరికాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు రాశారు. బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. వంతుల ఆట. మీరు ఒక అడుగు వేస్తే, భూతం ఒక అడుగు వేస్తుంది. మీరు కదలకపోతే అదీ కదలదు. అందులో అక్వేటర్ అని ఒక జీవి వచ్చేది. అది కరిచి చంపదు. మీ కవచానికి తుప్పు పట్టిస్తుంది. తాకిన ప్రతిసారీ కవచం బలం ఒక మెట్టు దిగుతుంది. తోలు కవచానికి మాత్రం తుప్పు పట్టదు. ఇప్పుడు చూడండి తమాషా. ఇనుప కవచం గట్టిది, తోలుది బలహీనం. మామూలు వేళ ఇనుమే మేలు. అక్వేటర్ ఎదురైతే ఇనుము విప్పేసి తోలు తొడుక్కోవాలి. విప్పడానికీ తొడగడానికీ వంతులు ఖర్చవుతాయి, ఆ లోపల అది మీదికి వస్తుంది. ఏది మంచి కవచం అనే ప్రశ్నకు జవాబు లేకుండా పోయింది. ఎవరి ఎదుట, ఎప్పుడు అని అడిగితే తప్ప.

తర్వాత జపాను. 1989 డిసెంబరులో స్క్వేర్ కంపెనీ చేతిలో పట్టుకునే గేమ్ బాయ్ కోసం సాగా అనే ఆట విడుదల చేసింది. అకితొషి కవాజు దాని రూపకర్త. అమెరికాకు వెళ్ళినప్పుడు దానికి ఫైనల్ ఫాంటసీ లెజెండ్ అని పేరు మార్చారు. పది లక్షల కాపీలు దాటిన స్క్వేర్ వారి మొదటి ఆట అదే. అందులో దాదాపు ప్రతి ఆయుధానికీ లెక్క ఉంది. కత్తికీ ఉంది, తుపాకికీ ఉంది, ఆఖరికి గుద్దుకూ తన్నుకూ కూడా ఉంది! గుద్దులు అయిపోయాయి, కొత్త గుద్దులు కొనుక్కురా అన్నట్టు ఉండేది వ్యవహారం. నవ్వొస్తుంది గానీ లోపల ఆలోచన గట్టిది. మనిషి పాత్రకు సామాను పెట్టుకోవడానికి ఎనిమిది గళ్ళు. సగం అరిగిన కత్తి ఒక గడి, నిండు కత్తీ ఒక గడే. ఎత్తైన గోపురం ఎక్కే ప్రయాణంలో, మధ్యలో కత్తి అయిపోతే ఏం చేస్తావు? అరిగినదాన్ని పారేసి కొత్తది పెట్టుకుంటావా, ఆఖరి దెబ్బ దాకా పిండుకుంటావా? (ఇదే ఆటలో చివరి శత్రువును, అంటే సృష్టికర్తనే, ప్రోగ్రాంలో దొర్లిన తప్పు వల్ల రంపంతో ఒక్క వేటుకు కూల్చేయొచ్చు. అది వేరే కథ, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.)

ఇక అసలు విషయానికి వస్తాను. ఫైర్ ఎంబ్లెమ్. 1990 ఏప్రిల్‌లో నింటెండో వారి ఫామికామ్ యంత్రం మీద వచ్చింది. ఇంటెలిజెంట్ సిస్టమ్స్ సంస్థ తయారీ, షోజో కాగా అనే ఆయన రూపకల్పన. చదరంగం లాంటి గళ్ళ మీద మీ మనుషులు, శత్రువులు వంతులవారీగా కదులుతారు. రెండు నియమాలు దీన్ని మిగతావాటి నుంచి వేరు చేశాయి. మీ మనిషి చచ్చిపోతే చచ్చిపోయినట్టే, మళ్ళీ రాడు. మీ ఆయుధం అరిగిపోతే అరిగిపోయినట్టే, కొత్తది కొనాలి. ఆ కొనే అంగడి కూడా యుద్ధభూమిలోనే ఒక గడిలో ఉంటుంది. ఎవరో ఒకరు పోరు వదిలిపెట్టి అక్కడిదాకా నడిచి వెళ్ళాలి. సరుకులు తేవడానికి ఇంట్లో ఎవరిని పంపాలా అని మనం తగువులాడుకున్నట్టే, ఇందులోనూ ఆ తగువు తప్పదు.

ఈ ఆటలో లెక్క ఎలా నడుస్తుందో చెబుతాను. 2003లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ ఆటను తీసుకుందాం. జపాను బయట అమ్మిన మొదటి ఫైర్ ఎంబ్లెమ్ అదే. ఇనుప కత్తి వెల 460, దెబ్బలు 46. అంటే దెబ్బకు పది నాణేలు. ఉక్కు కత్తి 600, దెబ్బలు 30. దెబ్బకు ఇరవై. వెండి కత్తి 1500, దెబ్బలు ఇరవయ్యే. దెబ్బకు డెబ్బై అయిదు! ఇనుము బలం 5, ఉక్కు బలం 8, వెండి బలం 13. ఇప్పుడు మన మనిషి ఒంటి బలం 8 అనుకోండి. ఎదుట సిపాయికి ప్రాణం 22, రక్షణ 5. ఇనుప కత్తితో దెబ్బకు 8 పోతుంది, మూడు దెబ్బలు కావాలి, ఖర్చు ముప్పై నాణేలు. ఉక్కుతో దెబ్బకు 11, సరిగ్గా రెండు దెబ్బలు, ఖర్చు నలభై. వెండితో దెబ్బకు 16. వెండైనా రెండు దెబ్బలే! ఖర్చు నూట యాభై. అదే సిపాయి, అదే చావు. ఖరీదైన కత్తి పట్టుకున్నవాడు గొప్పగా కొట్టానని అనుకుంటాడు, నిజానికి నూట పది నాణేలు బూడిదలో పోశాడు.

ఉక్కే మేలు అని తేలిందా? తేలలేదు. బరువు ఉంది. ఇనుప కత్తి బరువు 5, ఉక్కుది 10. లిన్ అనే అమ్మాయితో ఈ ఆట మొదలవుతుంది. ఆమె ఒంటి దిటవు అయిదు. దిటవు కంటే ఎంత ఎక్కువ బరువు మోస్తే వేగం అంత తగ్గుతుంది. ఇనుము ఆమెకు సరిపోతుంది. ఉక్కు పట్టుకుంటే వేగం అయిదు పడిపోతుంది. ఎదుటివాడికంటే వేగం నాలుగు ఎక్కువుంటే ఒకే వంతులో రెండుసార్లు కొట్టొచ్చు. బరువైన కత్తి పట్టుకుని ఆ రెండో దెబ్బ పోగొట్టుకుంటే, పెద్ద కత్తితో చిన్న పని చేసినట్టే. పైగా ఇనుము వంద వేట్లలో తొంభై తగులుతుంది, ఉక్కు డెబ్బై అయిదే. ఇదంతా ఒక్క సిపాయి గురించి. అలాంటి సిపాయిలు ఇరవైమంది ఉంటారు. ఒక్కొక్కరి చేతి సామానుకు అయిదు గళ్ళే. పిల్లలకు నోటిలెక్కలు రావడం లేదని బాధపడే అమ్మానాన్నలు ఈ పేరా ఒకసారి వాళ్ళతో చదివించండి.

లిన్ పేరెత్తాక ఇంకో సంగతి చెప్పాలి. ఆట మొదట్లోనే ఒక గుడిలో ఆమెకు ఒక మహిమగల కత్తి దొరుకుతుంది. ఇంగ్లీషు ఆటలో దాని పేరు మానీ కత్తి. దానికి జోడు ఇంకొకటి తర్వాత వస్తుంది, సోల్ కత్తి. మానీ, సోల్ అనేవి ఉత్తర యూరపు పురాణాల్లో చంద్రుడు, సూర్యుడు. మరి కత్తి? మా మేనల్లుడు ఆ పేరు తెర మీద చూసి "మామా, ఇది మన మాట!" అని ఎగిరి గంతేశాడు. పక్కింటి తమిళ కుర్రాడు "మాది" అన్నాడు. ఎదురింటి కన్నడ పిల్ల "మాదే" అంది. ముగ్గురూ నిజమే చెప్పారు. మన ఊళ్ళో మూడు భాషల్లోనూ కత్తి కత్తే. జపానువాళ్ళు ఆ మాటను ఏ దారిన తెచ్చుకున్నా, ముగ్గురు పిల్లలు ఒక గంటసేపు పోట్లాడుకోకుండా కూర్చున్నారు. నాకు అది చాలు.

అయితే ఆ మహిమగల కత్తికి కూడా 45 దెబ్బలే. గుడిలో దేవుడిచ్చినదైనా లెక్క లెక్కే. దాన్ని బాగుచేసే దండం ఒకటుంది, హామర్న్ అంటారు. అదీ మూడుసార్లే పనిచేస్తుంది. ఇక్కడే ఆడేవాళ్ళ స్వభావం బయటపడుతుంది. ఎక్కువమంది ఆ కత్తిని దాచిపెడతారు. ముందు ముందు పెద్ద శత్రువు వస్తాడు, అప్పుడు తీద్దాం అని. ఆ పెద్ద శత్రువు తర్వాత ఇంకా పెద్దవాడు ఉంటాడేమో అని. ఆట అయిపోయేసరికి సామాన్ల బండిలో వెండి కత్తులు, మహిమగల కత్తులు ఒక్క గీత పడకుండా మిగిలిపోతాయి. మన ఇళ్ళలో పెళ్ళిలో పెట్టిన వెండి కంచం పెట్టె అడుగునే ఉండి, అందులో ఒక్కపూటైనా అన్నం తినకుండానే పెద్దలు వెళ్ళిపోయినట్టు. ఈ నియమాన్ని తప్పుపట్టేవాళ్ళ వాదన అంతా ఇదే. వాడితే పోతుందన్న భయంతో వాడనే వాడని వస్తువు ఎందుకు ఇవ్వడం అంటారు. కొట్టిపారేయగలిగిన వాదన కాదు.

కాగా గారికే ఈ విషయంలో నిలకడ లేదు, అది నాకు ఇష్టం. 1992లో రెండో ఆట గైడెన్‌లో ఈ లెక్క పూర్తిగా తీసేశారు. కత్తి అరగదు. మంత్రం వేస్తే మాత్రం వేసినవాడి ప్రాణమే కొంచెం తగ్గుతుంది. 1994లో మూడో ఆటలో లెక్క మళ్ళీ వచ్చింది. 1996లో నాలుగోదాంట్లో, హోలీ వార్ వంశాల కథలో, ఆయన ఇంకో తోవ పట్టారు. కత్తి అరిగినా పోదు. కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి డబ్బిచ్చి బాగుచేయించుకోవచ్చు.

మన పల్లెల్లో పాతకాలం కమ్మరి సంగతి తెలిసినవాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది. కర్రు అరిగితే కొలిమికి తీసుకెళ్తే సాగగొట్టి ఇచ్చేవాడు, కొడవలికి కక్కు పెట్టి ఇచ్చేవాడు. కొత్తది కొనడం ఎప్పుడో ఒకసారి. కళ్ళం దగ్గర కమ్మరికి మేర కొలిచేవాళ్ళు. ఆటలో కమ్మరికి మేర లేదు, రొక్కమే. పైగా ఎవరి డబ్బు వారిది. ఉమ్మడి ఖజానా లేదు. అన్న దగ్గర వేలు మూలుగుతున్నా తమ్ముడి కత్తి బాగుచేయించలేడు. ప్రేమించుకున్నవాళ్ళు ఒకరికొకరు డబ్బు ఇచ్చుకోవచ్చు, దొంగలు ఎవరికైనా ఇవ్వొచ్చు, మిగతావాళ్ళు ఇవ్వలేరు. కత్తి చేతులు మారాలన్నా ఒకరు అంగడిలో అమ్మాలి, ఇంకొకరు రెట్టింపు వెల పెట్టి అక్కడే కొనుక్కోవాలి. తాకట్టు కొట్టు ముందు నిలబడిన అన్నదమ్ములను చూసినవాళ్ళు రాసిన నియమంలా ఉంటుంది ఇది.

ఈ ఆటలోనే ఇంకో గొప్ప పని చేశారు. ఒకే కత్తితో యాభై మందికి మించి పడగొడితే ఆ కత్తికి పదును పెరుగుతుంది, అనుకోని పెద్ద దెబ్బలు తగలడం మొదలవుతుంది. వాడితే అరిగేదే, వాడితేనే గొప్పదవుతుంది. దాచుకునే జబ్బుకు ఇంతకంటే మంచి మందు నేను చూడలేదు. కథ సగంలో నాయకుడు సిగుర్డ్, అతని సేన ద్రోహానికి బలైపోతారు. తరువాత తరం పిల్లలు పెద్దవాళ్ళై ఆయుధం పడతారు. అప్పుడు చూస్తే తల్లీ తండ్రీ మోసిన ఆయుధాలు వాళ్ళ చేతుల్లో ఉంటాయి, వాళ్ళు సంపాదించిన పదునుతో సహా. తల్లికి మొదటి తరంలో పెళ్ళి కాకపోతే, ఆ స్థానంలో వేరే పిల్లలు వస్తారు, వాళ్ళకు ఏ ఆస్తీ అందదు. తాత కొడవలి పిడి మూడుసార్లు మార్చినా ఇంకా తాత కొడవలే అని చెప్పుకునే ఇళ్ళు మన సంఘంలో ఎన్ని లేవు?

1999లో వచ్చిన థ్రేసియా 776 నా దృష్టిలో ఈ వరుసలో అన్నిటికంటే కఠినమైనది, అన్నిటికంటే నిజాయితీ గలది కూడా. నాయకుడు లీఫ్ రాజ్యం పోగొట్టుకుని పరుగెత్తే రాకుమారుడు. ఖజానా లేదు, అంగళ్ళు తక్కువ, చేతిలో డబ్బు అంతకంటే తక్కువ. నాలుగో అధ్యాయానికి జైల్లో పడతాడు, ఆయుధాలన్నీ లాగేసుకుంటారు. ఇక్కడ ఆయుధం సంపాదించే ముఖ్యమైన దారి శత్రువును చంపకుండా పట్టుకోవడం. పట్టుకుంటే అతని చేతి కత్తి, ఈటె, మందు అన్నీ మీవి. తీసుకుని వదిలేయొచ్చు. కానీ పట్టుకోవడానికి దిగినప్పుడు మీ బలం సగానికి సగం పడిపోతుంది. చంపడం తేలిక, పట్టుకోవడం ప్రమాదం, పట్టుకోకపోతే రేపటికి కత్తి లేదు. పేదసైన్యం అంటే ఏమిటో ఉపన్యాసం ఇవ్వకుండా చేతికి తెలిసేలా చేశాడాయన. రాజుల కథలు రాసేవాళ్ళు గుర్రాలూ గెలుపులూ రాస్తారు గానీ, సిపాయి చేతిలో కత్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎంతమంది రాస్తారు?

తరువాతి సంగతులు త్వరగా చెబుతాను. 2015లో ఫేట్స్ ఆటలో లెక్క తీసేసి, బదులుగా చాలా ఆయుధాలకు ఒక్కో లోపం తగిలించారు. వెండి కత్తి విరగదు, కానీ దానితో పోరాడాక మనిషి బలమే కాసేపు తగ్గుతుంది. తెలివైన ఉపాయమే. 2017లో గైడెన్‌ను మళ్ళీ తయారు చేసినప్పుడూ లెక్క లేదు. 2019లో త్రీ హౌసెస్‌లో లెక్క తిరిగొచ్చింది, కమ్మరీ తిరిగొచ్చాడు. ఖనిజం తెచ్చిస్తే సరిచేస్తాడు. విరిగిన కత్తితోనూ కష్టపడి కొట్టొచ్చు. నేర్చుకున్న ప్రత్యేక విద్యలు వాడితే ఒక్క దెబ్బకే కత్తి మూడు నాలుగు దెబ్బల ఆయుష్షు కోల్పోతుంది. మళ్ళీ 2023లో ఎంగేజ్‌లో తీసేశారు. చంపే కత్తికీ ఈటెకూ గొడ్డలికీ లెక్క లేదు. గాయం మాన్పే దండాలకు మాత్రం ఇప్పటికీ లెక్క ఉంది. ఎందుకలా మిగిల్చారో ఆడుతూ ఒకసారి ఆలోచించండి.

నా పక్షం నేను దాచను. లెక్క ఉండాలనే వాణ్ణి. అరగని కత్తి ఉంటే ప్రతి పోరుకూ ఒకటే జవాబు, ఉన్నవాటిలో గట్టిది తీయడం. 46 అని రాసి ఉంటే, ఈ సిపాయికి ఇది అవసరమా, పక్కనున్న కుర్రాడి ఇనుప కత్తి చాలదా అని ఆగుతాం. ఆ ఆగడంలోనే ఆట ఉంది. మా మేనల్లుడు ఒప్పుకోడు. "నువ్వు పొదుపు చేసే తరం మామా, నాకు కొట్టేది కొట్టేయాలి" అంటాడు. ఈ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

మన సంఘం పిల్లలెవరైనా మొదలుపెట్టాలనుకుంటే 2003 నాటి ఆటతో మొదలుపెట్టండి, మొదటి పది అధ్యాయాలు నేర్పిస్తూ తీసుకెళ్తుంది. థ్రేసియా జోలికి ఇప్పుడే వెళ్ళకండి. పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకోండి. అరిగిన కత్తిని పోరు మధ్యలో కాక, పోరుకు ముందే మార్చుకోండి. వెండి కత్తి కనీసం ఒకటైనా సగం దాకా వాడి చూడండి.

వచ్చే ఆదివారం మళ్ళీ వీరగల్లుల దగ్గరికి వెళ్దాం.